గోడల నడుమ శూన్యము

జపాను దేశమున ఒసాకా మహానగరమునకు చేరువనున్న ఇబారాకి పట్టణమున, మామూలు గృహస్థుల యిండ్ల నడుమ, ఒక వీధి మూలమలుపున, చిన్న ప్రార్థనామందిరమొకటి కలదు. అందు ఉపదేశవేదిక వెనుకనున్న గోడలో రెండు సన్నని చీలికలు విడువబడియున్నవి. ఒకటి నేలనుండి కప్పువరకు నిలువుగా సాగును. మఱియొకటి ఈ ప్రక్కగోడ మొదలు ఆ ప్రక్కగోడ దాక అడ్డముగా సాగును. చెక్కతో మలచినదో, లోహముతో పోతపోసినదో యగు శిలువ ఆ గోడమీద కానరాదు. గోడ యెచ్చట లేదో అచ్చటనే శిలువ యున్నది. వెలుపలి వెలుతురు ఆ చీలికలగుండ చీకటిగదిలోనికి ప్రవహించి తానే శిలువయై నిలుచుచున్నది. ఆ మందిరమును సంకల్పించిన వాస్తుశిల్పి ఆ చీలికలలో అద్దము సైతము వలదనెను. వెలుతురుతో పాటు గాలియు, చలియు, వానతుంపరయు లోనికి రావలెనని ఆయన కోరిక. వారమువారము అచ్చట కూర్చుండి ప్రార్థింపవలసినవారు చలికి తాళజాలమనిరి. వారి మాటయే నెగ్గి, 1989లో మందిరము పూర్తియగునప్పటికి చీలికలకు అద్దములు బిగింపబడెను. ఏనాటికైనను ఆ అద్దములను తీయించెదనని ఆ శిల్పి అటుపిమ్మట పలుమారులు చెప్పియున్నాడు. ఆయన పేరు తడావో అండో.

ఒక పలుచని అద్దమును గూర్చిన యీ వివాదము, పైకి చూచినప్పుడు, యిల్లు కట్టించువానికిని కట్టువానికిని నడుమ నిత్యము జరుగు తగవువంటిదే. కిటికీ ఇచ్చట వలెనని యొకరు, అచ్చట వలెనని యొకరు పట్టుపట్టకుండ లేచిన యిల్లు లోకమున లేదు. కాని యీ అద్దమును గూర్చి ఆలోచించినకొలదియు, దాని వెనుక మన దర్శనకర్తలు శతాబ్దముల తరబడి తర్కించిన ప్రశ్నయొకటి దాగియున్నదని నాకు తోచుచున్నది. దేవుని కొఱకై యొక చోటును ఖాళీచేసినప్పుడు, ఆ ఖాళీ తనంత తానే పవిత్రమగునా, లేక దానిలో వచ్చి కూర్చుండు మనుష్యుని వలన పవిత్రమగునా? కట్టినవాని సంకల్పము లేశమైనను లోపింపక నెరవేరినప్పుడు అది ఆలయమా, కొలుచువారి శరీరదౌర్బల్యమునకు కొంత తావిచ్చినప్పుడు ఆలయమా? శూన్యమును ఉపాసించు మతములకు ఈ ప్రశ్న ప్రాణప్రదమైనది. అండో నిర్మాణములన్నియు ఏదో యొక విధముగ శూన్యోపాసనలే గావున, ఆయన కట్టడములను ముందిడుకొని దీనిని విచారించుట ఉచితమని తలంచెదను.

అండో 1941లో ఒసాకాలో, కవలసోదరులలో ఒకడుగ జన్మించి, అమ్మమ్మ యింట పెరిగెను. పదునేడవ యేట బాక్సింగు గోదాలో దిగెను. వాస్తువిద్యను ఏ విశ్వవిద్యాలయమునను అభ్యసింపలేదు. పాతపుస్తకముల అంగడిలో వాస్తుశిల్పి లె కార్బుజియే నిర్మాణముల సంపుటము కంటబడగా, డబ్బు కూడబెట్టి దానిని కొని, అందలి గీతలపై పలుచని కాగితము పఱచి దిద్ది దిద్ది, ఏకలవ్యునివలె విద్య నేర్చుకొనెను. 1965లో ఆ గురువును కన్నులార చూడవలెనని సైబీరియా మీదుగ ఐరోపాకు ప్రయాణము కట్టెను గాని, ఆయన పారిస్ చేరునప్పటికి గురువు ఆ యాగస్టు మాసముననే సముద్రస్నానమునకు దిగి కన్నుమూసియుండెను. ద్రోణుని ప్రతిమయైనను దక్కిన ఏకలవ్యుడు అదృష్టవంతుడు. ఆ యాత్రలోనే రోము నగరమున పాంథియాను దేవాలయపు గుమ్మటమునడుమ తెఱచియుంచిన గుండ్రని కన్నునుండి జాఱు వెలుతురును అండో చూచెను. తిరుగుదారిలో మన దేశమున దిగి, కాశీలో గంగయొడ్డున చితులును స్నానములును ఒకే మెట్లమీద జరుగుచుండుటను చూచెను. ఈ రెండు దృశ్యములలో ఆయన విద్యాభ్యాసము సగము ముగిసినదని నా నమ్మకము. 1969లో ఒసాకాలో చిన్న కార్యాలయము తెఱచెను. 1995లో, వాస్తుశిల్పులకు లభించు పురస్కారములలో మిన్నయగు ప్రిట్జ్‌కర్ బహుమానము లభింపగా, ఆ యేడు జనవరిలో కోబే ప్రాంతమున సంభవించిన మహాభూకంపమున అనాథలైన పిల్లల కొఱకు ఆ లక్ష డాలర్లను సమర్పించెను.

ఆయన పేరు చెప్పగనే లోకులకు స్ఫురించునది కాంక్రీటు. మన యూళ్ళలో శ్లాబు పోసిన పిదప సెంట్రింగు విప్పుచుండగా నిలుచుండి చూచినవారికి కాంక్రీటు సహజముఖము ఎట్టిదో తెలియును. పలకల అతుకులనుండి సిమెంటు పాలు కారి గడ్డకట్టిన చారలు, వైబ్రేటరు తగులని మూలల కంకర పైకి తేలిన గుంటలు, మేకుల జాడలు. ఆ ముఖమును పదిమందికి చూపుటకు సిగ్గుపడి మేస్త్రి వెంటనే ప్లాస్టరింగు చేయించును, ఆపై సున్నమో రంగో పూయించును. అండో ఏమియు పూయింపడు. సెంట్రింగు పలకలే నునుపుగ వార్నీషు పూసి, అతుకులలో చుక్క నీరైనను కారకుండునట్లు బిగింపబడును. ఒక్కొక్క పలక సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు. అనగా జపాను యిండ్లలో నేలపై పఱచు తతామీ చాప యంత. పచ్చికాంక్రీటు బరువునకు ఇరువైపుల పలకలు ఎడమై విచ్చిపోకుండ వానిని బిగించి పట్టియుంచిన కడ్డీల కొసలు విప్పినచోట గుండ్రని చిన్న గుంటలు మిగులును. ఇతరులు పూడ్చివేయు ఆ గుంటలను ఆయన వరుసతప్పక నిలిపియుంచును. వెలుతురు ప్రక్కనుండి పడునప్పుడు ఒక్కొక్క గుంటలో నెలవంకవంటి నీడ తొణికిసలాడును. పొద్దు వాలినకొద్దియు ఆ నెలవంక పెరిగి పెరిగి గుంట నిండ చీకటియగును.

ఈ గోడ పుట్టుకలోనే ఒక తత్త్వము ఇమిడియున్నది. కాంక్రీటు పోయకముందు గోడ యనగా రెండు పలకల నడిమి ఖాళీ. ఆ ఖాళీ ఎంత శుద్ధముగ నున్నదో గోడయు అంత శుద్ధముగ వచ్చును. పలకలు విప్పిన పిమ్మట గోడల నడుమ మఱియొక ఖాళీ మిగులును. దానినే మనము గది యందుము. శూన్యము గోడకు అచ్చు. గోడ శూన్యమునకు అచ్చు. ఏది ముందు, ఏది వెనుక యని విడదీయబోయినచో విత్తనమును చెట్టును గూర్చిన పాతచిక్కులోనే పడుదుము. మన వేదాంతులు ఘటాకాశమని, మఠాకాశమని, మహాకాశమని చెప్పుచు, కుండ పగిలినప్పుడు లోని యాకాశమునకు ఏ నష్టమును లేదనుట ప్రసిద్ధమే. ఆ దృష్టాంతమున కుండ తక్కువది, ఆకాశము ఎక్కువది. అండో కట్టడముల ముందు నిలిచి ఆలోచించునప్పుడు మాత్రము కుండను అంత తేలికగ త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. కుండ చేసిన కుమ్మరి చేతివ్రేళ్ళ చారలు లోపలివైపున కూడ ఉండును గదా. లోపలి యాకాశము ఆ చారలకే ఒదిగి నిలుచును.

ఇబారాకి మందిరమును నేను కన్నులార చూడలేదు. ఛాయాచిత్రములలోను, ప్లానులలోను మాత్రమే చూచితిని. అయినను, ఆయన లె కార్బుజియే గీతలను దిద్దుచు నేర్చెనని చదివిన నాటి రాత్రి నేనును ఒక పలుచని కాగితమును ఆ మందిరపు ప్లానుపై పఱచి పెన్సిలుతో దిద్దుచు కూర్చుంటిని. కొలదినిమిషములలో పని ముగిసినది. సుమారు 6 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు గల పెట్టె యొకటి. దానిని 15 డిగ్రీల కోణమున ఏటవాలుగ చీల్చుకొనిపోవు విడిగోడ యొకటి. కొసగోడలో ఆ శిలువ. అంతకు మించి గీయుటకు ఏమియు మిగులలేదు. పెన్సిలు ఆ ఏటవాలు గోడ వెంట సాగి పెట్టెలోనికి మలుపు తిరిగినప్పుడు గాని నాకు తెలియలేదు, లోనికి పోవువానికి శిలువ తిన్నగ ఎదురుపడదనియు, ఆతడు గోడను ఒరసికొని మలుపు తిరిగిన తరువాతనే అది కన్నులబడుననియు. నేల వేదికవైపు మెట్లుమెట్లుగ దిగిపోవును. బోధించువాడు ఎత్తున నిలువడు. వినువారే ఎత్తున నుండి క్రిందికి చూతురు. నేలకును, బల్లలకును వాడినవి పరంజాలు కట్టు మోటుచెక్కలు. సంఘమువారి యొద్ద ధనము అంత స్వల్పము. ఒక దశలో డబ్బు చాలనిచో పైకప్పు లేకయే మందిరము నిలుపుదమని కూడ ఆలోచించిరట. పేదరికము ఇచ్చట అలంకారమును తొలగించుటతో ఊరకుండక శిల్పమునకు దిక్కుచూపినది.

మన గుడులలో దేవుడు చీకటిలో నుండును. మహామండపము, అంతరాళము దాటి గర్భగుడి గడప యొద్ద నిలిచినప్పుడు మొదట కనబడునది చీకటియే. నూనెదీపపు మసక, పూలవాసన, తడిరాతి చల్లదనము, ఆ వెనుక ఏదో యున్నదను తెలివి. అర్చకుడు హారతి వెలిగించి పైకెత్తిన ఆ కొలది క్షణములు మాత్రము స్వామి ముఖము వెలుగునకు వచ్చి మరల చీకటిలో కలిసిపోవును. వెలుతురును మనుష్యుడు తీసికొనిపోయి దేవునికి చూపునో, దేవుని మనకు చూపునో, ఆ క్షణమున తేల్చుట కష్టము. ఇబారాకిలో ఈ క్రమము తలక్రిందులైనది. గదియంతయు చీకటి, వెలుతురే దేవుని గుఱుతు. హారతి పట్టుటకు అర్చకుడు లేడు. సూర్యుడే దానిని గోడ వెనుకనుండి అందించి, గడియగడియకును జరుపుచుండును. శిలువ నేలపై సాగి, బల్లలపైకి ప్రాకి, కూర్చున్నవారి భుజములపై పడి పోవును. రెండు మార్గములు వేఱైనను ఒక విషయమున కలియుచున్నవి: చీకటి లేక దర్శనము లేదు. విద్యుద్దీపములతో పట్టపగలు చేసిన నేటి మన క్రొత్తగుడుల గర్భాలయములను చూచినప్పుడు నాకు కలుగు వేదనకు కారణము ఇదియే. చీకటిని వెడలగొట్టితిమని సంతోషించుచున్నాము గాని, దానితో పాటు ఏది వెడలిపోయినదో అడుగుటలేదు.

శూన్యమునే మూర్తిగ కొలుచుట మనకు క్రొత్త గాదు. చిదంబరమున నటరాజు ప్రక్కన తెర తొలగించి చూపు చోట బంగారు బిల్వపత్రమాలలు తప్ప మూర్తి లేదు. తెలుగువాడు మాటవరుసకు చిదంబర రహస్యమని నిత్యము వాడునప్పుడు, ఏదో గుట్టు దాగియున్నదని అర్థము చేసికొనును గాని, ఆ గుట్టు ఆకాశమే యని తలపోయడు. అచ్చట కూడ ఖాళీకి ముందు తెర యున్నది, తెర తొలగించు దీక్షితుడున్నాడు, చేతులు జోడించి నిలిచిన జనమున్నది. తెరయు, దీక్షితుడును, జనమును లేనినాడు ఆ గోడ వట్టి గోడ కాదా? ఇది నాస్తికుని ప్రశ్నగ అడుగుటలేదు. శూన్యము దేనిపై ఆధారపడి శూన్యమగుచున్నదో తెలిసికొనవలెనను ఆర్తితో అడుగుచున్నాను.

ఈ ఆర్తికి సమాధానము వెదకుచు పోయినవానిని అండోయే మరల ఆంధ్రదేశపు గుమ్మమునకు తెచ్చి నిలుపునని నేను ముందుగ ఊహింపలేదు. ఒసాకా అఖాతమునకు ఎదుట అవాజి యను ద్వీపము కలదు. అందు హొంపుకుజి యను బౌద్ధాలయమునకు ఆయన 1991లో క్రొత్త మందిరము కట్టెను. దానిని జలమందిరమని పిలుతురు. జపానులో ఆలయమన్నచో మొదట కన్నులకు కట్టునది బరువైన విశాలమైన పైకప్పు. ఆ కప్పే లేని మందిరమును గూర్చి విన్నప్పుడు ఆలయపు పెద్దలు మొదట ఒప్పుకొనలేదు. అండో కప్పునకు బదులు తామరకొలనును ఉంచెను. తెల్లని గులకరాళ్ళపై నడచి, ఒక నిలువుగోడను, ఒక వంపుగోడను చుట్టివచ్చిన యాత్రికునకు అండాకారపు కొలను కనబడును. పెద్ద అడ్డుకొలత 40 మీటర్లు, చిన్నది 30 మీటర్లు. కొలను నడుమనుండి, తామరాకులను రెండుగ చీల్చుకొని, మెట్లదారి యొకటి నీటి క్రిందికి దిగును. దిగినకొలదియు ఆకులు మోకాలి మట్టమునకు, భుజముల మట్టమునకు, కన్నుల మట్టమునకు వచ్చి, తుదకు తలపైకి పోవును. క్రింద గుండ్రని మందిరము. స్తంభములు, తడకలు, గోడలు అన్నియు సింధూరవర్ణము. పడమటి దిక్కున వెలుతురు వచ్చు త్రోవ యొకటి విడువబడినది. సాయంసంధ్యలో పొద్దు ఆ త్రోవన విగ్రహము వెనుకనుండి దూరి, అప్పటికే ఎఱ్ఱనైన గదిని నిప్పుకణికగ మార్చివేయును. గోపురము నెక్కి ఆకాశమును తాకుటకు బదులు నీటిలో మునిగి దేవుని చేరుట. పుష్కరములలో మూడు మునకలు వేసిన వారికి ఈ భావము కొంత సుపరిచితమే.

ఆ ఆలయము షింగోన్ సంప్రదాయమునకు చెందినది. 774 నుండి 835 వరకు జీవించిన కూకాయి అను మహనీయుడు 804లో చీనాకు పోయి, తాంత్రిక బౌద్ధమును అభ్యసించి, స్వదేశమునకు మరలివచ్చి దానిని స్థాపించెను. ఆ సంప్రదాయమువారు తమ గురుపరంపరను చెప్పుకొనునప్పుడు ర్యూమ్యో యను పేరుగల ఆచార్యుని ఆదరముతో స్మరింతురు. ఆ ర్యూమ్యో మఱెవరో కాదు, నాగార్జునుడు. వారి గాథలో దక్షిణభారతమున ఒక ఇనుపస్తూపము మూతబడియుండెను. నాగార్జునుడు తెల్ల ఆవగింజలు ఏడింటిని మంత్రించి ద్వారముపై విసరగా తలుపులు తెఱచుకొనెను. లోనికి పోయి ఆయన మహావైరోచన బుద్ధుని బోధను పొంది లోకమునకు తెచ్చెను. ఆ స్తూపము మన అమరావతియే యని ఊహించిన పండితులు కలరు. అది వెలుపల నెచ్చటను లేదు, సాధకుని హృదయమే ఆ ఇనుపస్తూపమని వ్యాఖ్యానించిన షింగోన్ ఆచార్యులును కలరు. ఏది యథార్థమైనను, అవాజి ద్వీపమున నీటి క్రింది గదిలో ప్రతిదినము పూజచేయు అర్చకుల పరంపరను వెనుకకు తడవుచు పోయినచో, అది దక్షిణాపథమున నొక మూసిన తలుపు ముందు, ఏడు ఆవగింజలు చేతబట్టుకొని నిలిచిన ఆచార్యుని చేరును. తెలుగువాడనగు నాకు ఈ సంగతి తెలిసిన దినమున కలిగిన పులకింతను దాచుకొనజాలను.

అయితే వంశావళిని తలచి గర్వించుట కంటె, ఆ ఆచార్యుడు శూన్యమను మాటకు ఏ యర్థము చెప్పెనో విచారించుట మేలు. శూన్యమనగా ఏమియు లేకపోవుట యని లోకము భ్రమించినది. నాగార్జునుడు అట్లు చెప్పలేదు. ఏ వస్తువును తనంత తాను నిలువజాలదు. ప్రతిదియు ఇతరములగు హేతువుల నాశ్రయించి పుట్టి, వాని నాశ్రయించియే నిలుచును. ఇట్లు స్వతంత్రమైన సత్త లేకపోవుటయే శూన్యత. తన సిద్ధాంతమునకు కూడ ఆయన మినహాయింపు ఇచ్చుకొనలేదు. శూన్యతయు ఒక స్వతంత్రవస్తువు కాదు. దానిని గట్టిగ పట్టుకొని ఇదియే సత్యమని వ్రేలాడువాడు మిగిలినవారి కంటె లోతైన గోతిలో పడుననెను. ఈ మాటను మనసున నిలుపుకొని మరల ఇబారాకి అద్దము యొద్దకు రండు.

గోడలోని ఆ ఖాళీ ఏ అద్దమును, ఏ అడ్డును లేక శుద్ధముగ నుండవలెనని కోరుటలో అండో శూన్యమును ఒక స్వతంత్రవస్తువుగ ప్రేమించెనేమో యని నాకు అనుమానము. ఆ ప్రేమ గొప్పదే. ఆ ప్రేమ లేనివాడు ఆ గోడను చీల్చనే చీల్చడు. 1976లో ఒసాకాలోని సుమియోషిలో ఒక చిన్నకుటుంబమునకు కట్టిన ఇరుకైన యిల్లు మొదలు ఆయన ఈ పట్టును విడువలేదు. ఆ యింటిని మూడు భాగములు చేసి, నడిమి భాగమును ఆకాశమునకు విడిచిపెట్టెను. వానాకాలమున రాత్రి పడకగదినుండి స్నానపుగదికి పోవలసినవారు గొడుగు పట్టుకొని పోవలసినదే. మన మండువా లోగిళ్ళలో పెరిగినవారికి ఇది వింతగ తోపదు. వాన మండువాలో కుండపోతగ కురియుచుండ, చుట్టు వసారాలో పీటలు వేసికొని భోంచేసినవారు మనలో ఇంకను ఉన్నారు. కాని మండువాకు చుట్టు వసారా ఉండెను. వానను చూచుటకు, వినుటకు, పట్టుటకు వీలుండెను. తడియుట మాత్రము ఎవరి యిష్టము వారిది. మన మేస్త్రులు శూన్యమునకు ఒడ్డు కట్టిరి. ఆ యొడ్డు శూన్యమునకు అపచారమని వారు ఎన్నడును తలంపలేదు.

ఇబారాకి సంఘమువారు కోరిన అద్దము అట్టి ఒడ్డే. అందులో ఎముకలు కొఱుకు చలిలో కూర్చుండవలసిన వృద్ధురాలున్నది, దగ్గుచున్న పసివాడున్నాడు, బోధకుని గొంతున్నది. వీరందఱి నాశ్రయించియే ఆ ఖాళీ శిలువ యగుచున్నది. వీరిని త్రోసివేసినచో మిగులునది మఱింత శుద్ధమైన శూన్యము కాదు. నాగార్జునుని మాట నిజమైనచో, అద్దమువలన ఆ శూన్యము చెడలేదు. తాను దేనిదేనిపై ఆధారపడియున్నదో బయటపెట్టుకొని మఱింత శూన్యమైనది.

దీనికి ప్రత్యక్షప్రమాణమువంటి ఘట్టమొకటి 2017లో జరిగినది. తోక్యోలోని జాతీయ కళాకేంద్రమున అండో నిర్మాణముల మహాప్రదర్శనము జరిగినప్పుడు, దాని వెలుపలి ఆవరణమున ఇబారాకి మందిరమును యథాప్రమాణముగ, కొలత తప్పక, మరల కట్టి నిలిపిరి. ఈ మాఱు చీలికలలో అద్దము లేదు. శిల్పి ఇరువదియెనిమిదేండ్ల క్రిందట కోరినది అక్షరాల నెరవేరినది. గాలి శిలువగుండ లోనికి వచ్చినది. లెక్కలేనంతమంది ప్రేక్షకులు వచ్చి, చీలిక యొద్ద నిలిచి, చేయిచాచి చూచి పోయిరి. ప్రదర్శనము ముగిసినది. శిల్పదృష్టితో పరికించినచో అదియే మూలము, ఇబారాకిలోనిది రాజీపడిన ప్రతి. కాని తోక్యోలో కట్టినదానిని ఎవరును దేవాలయమని పిలువలేదు. అచ్చట సంఘము లేదు, పెండ్లి లేదు, మృతునకై విడిచిన కన్నీరు లేదు, ఆదివారము లేదు. సంకల్పము సంపూర్ణమైన చోట దేవుని నామము వినబడలేదు. సంకల్పము కొంత ఓడిన చోట నేటికిని వినబడుచున్నది. ఈ రెండు కట్టడములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తరువాత నా మనసు ఎటు మ్రొగ్గినదో దాచవలసిన పనిలేదు.

అంతమాత్రమున కొలుచువారే సమస్తమనియు, శిల్పి నిమిత్తమాత్రుడనియు చెప్పుట నా ఉద్దేశము కాదు. హొక్కైదోలోని తొమాము అను చోట 1988లో ఆయన కట్టిన జలాలయమున్నది. దానికి స్థిరమైన సంఘము లేదు. విడిదికి వచ్చువారు అచ్చట వివాహములు జరుపుకొందురు. పెద్దగాజుగోడ ప్రక్కకు జరిగిపోగా ఎదుట కొలను, కొలను నడుమ ఒంటరి శిలువ, వెనుక అడవి, శీతకాలమున వీనియన్నిటిపై మంచు. ఆ చిత్రమును చూచి మనసు నిశ్శబ్దము కానివాడుండడు. ఆ నిశ్శబ్దము శిల్పి దానము. దానిని పూజగ మార్చుకొనుట మాత్రము వచ్చినవాని వంతు. పారిస్‌లో యునెస్కో ఆవరణమున 1995లో ఆయన కట్టిన ధ్యానమందిరము ఏ మతమునకును చెందదు. గుండ్రని చిన్న కాంక్రీటు గది, మూర్తి లేదు, గ్రంథము లేదు. కాని నేలపై పఱచిన రాళ్ళు హిరోషిమావి; అణుబాంబు వేడిమికి గురియైన గ్రానైటును శుద్ధిచేసి తెచ్చి పఱచిరి. అచ్చట ఖాళీని పవిత్రము చేయుచున్నది కూర్చున్నవాడు కూడ కాదేమో, కాళ్ళ క్రింద నున్నవారేమో. శిల్పి ఆ సంగతి ఎఱిగియే రాళ్ళను నేలపై పఱచెను. గోడకు తాపించినచో చూచుటకు వచ్చి చూచిపోవుదురు. నేలపై నుంచినందున ప్రతివాడును వాని నాశ్రయించియే నిలువవలసివచ్చినది.

సప్పోరో నగరపు శ్మశానవాటికలో ఏండ్లతరబడి ఆరుబయట నిలిచిన బుద్ధవిగ్రహమొకటి కలదు, ఎత్తు 13.5 మీటర్లు. జనులకు దానిపై మఱింత భక్తి కుదురునట్లు చేయుమని అడుగగా, అండో దాని చుట్టు కొండ పోయించి, కొండపై లావెండరు మొక్కలు నాటించి, విగ్రహమును మెడవరకు కప్పివేయించెను. 2015లో అది పూర్తియైనది. దూరమునుండి వచ్చువానికి శిరస్సు మాత్రము కనబడును. సొరంగమువంటి దారిన లోనికి నడచి తలయెత్తినప్పుడు గాని, ఆకాశపు గుండ్రని తెఱపి క్రింద స్వామి సంపూర్ణముగ గోచరింపడు. మూర్తి పాతదే. క్రొత్తగ కట్టినది నడచిపోవలసిన ఆ నాలుగడుగుల చీకటి మాత్రమే.

కొన్నియేండ్ల క్రిందట నేను నాగార్జునసాగరమున లాంచీ యెక్కి నాగార్జునకొండకు పోయితిని. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ యానకట్ట వెనుక కృష్ణవేణి నిండినప్పుడు, ఇక్ష్వాకులనాటి విజయపురి లోయయంతయు మునిగిపోయినది. త్రవ్వకములలో బయల్పడిన విహారములలోను, చైత్యములలోను కొన్నిటిని కొండపైకిని, ఒడ్డుననున్న అనుపునకును తరలించి నిలిపిరి; తక్కినవి అడుగుననే యున్నవి. నాగార్జునాచార్యుడు ఆ లోయలో నివసించెనా యనునది చరిత్రకారులలో తెగని వివాదము; పేరు మాత్రము కొండకును, నీటికిని, ఊరికిని నిలిచినది. అప్పటికి నేను అవాజిలోని జలమందిరమును గూర్చి చదివియుంటిని. అచ్చట తామరల క్రింద ఒక మందిరము, ఇచ్చట లాంచీ క్రింద అనేకవిహారములు. అది కావలెనని కట్టినది, ఇవి విధిలేక మునిగినవి. నీటివైపు వంగి చూచితిని. ఆకుపచ్చని నీరు, ఇంజను వదలిన నూనెరంగుల తెట్టు, అంతకు మించి ఏమియు కనబడలేదు.

నా ప్రక్కన గుంటూరు వైపునుండి వచ్చిన ముసలమ్మ యొకతె మనుమని ఒడిలో పెట్టుకొని కూర్చుండియుండెను. నడినీటికి వచ్చినప్పుడు ఆమె కొంగుముడి విప్పి, ఒక రూపాయి బిళ్ళ తీసి, కన్నులకద్దుకొని నీటిలో విడిచి, చేతులు జోడించెను. క్రింద విహారములున్నవని ఆమెకు తెలిసియుండునా, తెలిసియుండదా యని నేను ఆలోచించుచుంటిని. బిళ్ళ కొంతవఱకు మిలమిల మెఱయుచు దిగి, ఆకుపచ్చలో కలిసిపోయెను. మనుమడు దానిని చూడవలెనని అంచుపైకి వంగెను. ఆమె వాని చొక్కా పట్టుకొని వెనుకకు లాగి, "వంగబాకురా నాయనా, అదిగో చూడు, కొండ వచ్చేసింది" అనెను. వాడు తల యెత్తి చూచెను. నేనును చూచితిని.